డచ్చి ఈస్టిండీస్‌కు (నేటి ఇండోనేసియాకు) బ్రిటన్ 1941 డిసెంబరు దాకా హామీ ఇవ్వకపోవడం సబబేనా?

పాతపటం:

మలక్కా జలసంధికి ఒక ఒడ్డున బ్రిటిషువారి మలయా, ఎదుటి ఒడ్డున డచ్చివారి సుమత్రా ఉండేవి. 1940 మే నెలలో హాలెండు జర్మనీ వశమై, రాణి విల్‌హెల్మినా, ఆమె మంత్రివర్గం లండన్‌లో తలదాచుకున్న నాటి నుంచి తూర్పున ఈ రెండు వలసరాజ్యాలకూ రాబోయే శత్రువు ఒక్కడేనని అందరికీ తెలుసు. జపానుకు కావలసిన చమురు డచ్చివారి చేతిలోని పాలెంబాంగ్, బాలిక్‌పాపన్, తరకాన్‌లలో ఉంది. సింగపూరు పడితే జావా నిలవదు. సుమత్రా, జావాలు పడితే సింగపూరుకు వెనుకదన్ను ఉండదు.

అయినా, మీ మీద దాడి జరిగితే మేమూ యుద్ధంలోకి దిగుతామన్న ఒక్క మాట చెప్పడానికి బ్రిటిషు మంత్రివర్గానికి ఏడాదిన్నర పట్టింది. 1940 నవంబరులో, 1941 ఫిబ్రవరిలో, మళ్లీ ఏప్రిల్‌లో ఇరుపక్షాల సైనికాధికారులు సింగపూరులో కూర్చుని ఎవరి విమానాలు ఎక్కడికి వెళ్లాలో, ఎవరి జలాంతర్గాములు ఎవరి ఆజ్ఞకు లోబడాలో మాట్లాడుకున్నారు. మాట్లాడుకున్న ప్రతిసారీ, ఇది ప్రభుత్వాలను కట్టిపడేసే ఒప్పందం కాదన్న షరతు మాత్రం తప్పలేదు. ఆ హామీ చివరికి 1941 డిసెంబరు 5న అందింది. జపాను సేనలు మలయాలోని కోటాబారు తీరాన దిగింది 8వ తేదీన.

నా అభిప్రాయం ఇది. ఆ జాగ్రత్త వివేకం కాదు. బెదిరింపు ఎదుట ఇరుగుపొరుగులు విడివిడిగా నిలబడితే ఒక్కొక్కరినీ విడివిడిగానే కొడతారు. 1940 నవంబరులోనే బహిరంగంగా మాట ఇచ్చి ఉంటే ఉమ్మడి సేనాధిపత్యం, ఉమ్మడి సంకేతాలు, ఉమ్మడి కసరత్తులు ఏడాది ముందే మొదలయ్యేవి. 1942 జనవరిలో జనరల్ వేవెల్ కింద నాలుగు దేశాల ఉమ్మడి సేనాధిపత్యాన్ని హడావుడిగా నిలబెట్టి, ఫిబ్రవరి 25 నాటికి మూసేసుకోవలసిన గతి పట్టేది కాదు. మీరేమంటారు?

రేవుగట్టు:

పాతపటం గారూ, తేదీలన్నీ సరిగ్గానే ఇచ్చారు గానీ, మాట ఇవ్వడానికి బ్రిటన్ చేతిలో ఏముందో ఒక్క వాక్యంలోనైనా చెప్పలేదు. 1940 శరత్తులో బ్రిటన్ తన సొంత ఆకాశాన్ని కాపాడుకోవడంలో మునిగి ఉంది. ఫ్రాన్సు పడిపోయినందువల్ల మధ్యధరా సముద్రంలో ఇటలీని ఒంటరిగా ఎదుర్కొంటోంది. సింగపూరు నౌకాస్థావరాన్ని 1938లో ఆర్భాటంగా ప్రారంభించారు, కానీ అందులో నిలపవలసిన నౌకాదళం అక్కడ లేదు, పంపే స్తోమతా లేదు. హామీ ఇచ్చిన మర్నాడు జపాను బోర్నియో మీద దిగితే చర్చిల్ ఏం పంపేవాడు?

ఆయన లెక్క చాలా స్పష్టమైనది. అమెరికా కలిసి వస్తే హామీకి బలం ఉంటుంది. అమెరికా రాకపోతే, డచ్చివారి చమురు కోసం బ్రిటన్ ఒంటరిగా జపానుతో యుద్ధానికి దిగి, ఇటు జర్మనీతో, అటు జపానుతో నలిగిపోతుంది. పైగా, బ్రిటన్ ముందే మాట ఇచ్చేస్తే, యూరోపు వారి వలసలను కాపాడటానికి మన పిల్లల్ని పంపుతారా అని అమెరికా కాంగ్రెసులో యుద్ధ వ్యతిరేకులు గొంతెత్తడానికి వీలు చిక్కేది. డిసెంబరు మొదటి వారంలో రూజ్‌వెల్ట్ వాషింగ్టన్‌లోని బ్రిటిషు రాయబారి లార్డ్ హాలిఫాక్స్‌కు మాట ఇచ్చిన వెంటనే బ్రిటన్ డచ్చివారికి మాట ఇచ్చింది. ఆ వరుస చూస్తే జాప్యానికి కారణం తెలిసిపోతుంది.

ఇంకో సంగతి మీరు వదిలేశారు. జాగ్రత్త ఒక పక్షానిదే కాదు. 1940 ఏప్రిల్‌లో జపాను విదేశాంగ మంత్రి అరితా ఈస్టిండీస్ యథాస్థితి గురించి ప్రకటన చేసినప్పుడు, మేము ఎవరి రక్షణనూ కోరలేదు, ఎవరు ఇవ్వజూపినా తీసుకోము అని చెప్పింది డచ్చివారే. మే నెలలో బ్రిటిషు, ఫ్రెంచి సేనలు కరీబియన్‌లోని డచ్చి దీవులు కురసావ్, అరూబాలలో దిగినప్పుడు, తూర్పున కూడా అదే జరిగితే జపానుకు సాకు దొరుకుతుందని ఈస్టిండీస్ రాజధాని బటావియాకు బెంగ పట్టుకుంది. ఆ సెప్టెంబరులో జపాను దూత కోబయాషీ, మరుసటి జనవరిలో మరో దూత యోషిజావా చమురు బేరానికి వచ్చినప్పుడు, గవర్నర్ జనరల్ స్టార్కెన్‌బోర్గ్, ఆయన తరఫున వాన్ మూక్, తాము ఎవరి పక్షమూ కాదన్న ముఖంతోనే నెలల తరబడి మాటలు సాగదీసి, జపాను అడిగినదంతా ఇవ్వకుండానే పంపించారు. ఆ బేరం సాగుతుండగా సింగపూరులో డచ్చి జెండా పక్కన బ్రిటిషు జెండా ఎగరేసి ఉంటే ఆ ఎత్తుగడ మొదటి వారంలోనే చెడిపోయేది.

కోనసీమ పాఠకుడు:

ఇద్దరి మాటలూ బాగున్నాయి. థాయిలాండ్ సంగతి కూడా ఎవరైనా చెబుతారా? అక్కడి సింగోరా రేవు మీదికి ముందే వెళ్లాలన్న బ్రిటిషువారి మెటడార్ పథకం కూడా ఇలాంటి సంకోచంతోనే ఆగిపోయిందని చదివాను.

పాతపటం:

కోనసీమ పాఠకుడు గారూ, అది నిజమే. డిసెంబరు 6న జపాను ఓడల వరుస కంటబడినా, తటస్థ దేశంలోకి ముందుగా అడుగు పెట్టినవారం మనమే అవుతామన్న భయంతో దూరప్రాచ్యంలో బ్రిటిషు సేనాధిపతి బ్రూక్ పోఫమ్ ఆజ్ఞ ఇవ్వలేదు. కానీ థాయిలాండ్ స్వతంత్ర దేశం కనుక ఆ సంకోచానికి కొంత అర్థం ఉంది. నేను అడుగుతున్నది ఒకే శత్రువును ఎదుర్కొంటున్న రెండు వలస ప్రభుత్వాల గురించి.

రేవుగట్టు గారూ, 1940 సంగతి అలా ఉంచండి. 1941 జూలైకి వద్దాం. జూలై 26న అమెరికా జపాను ఆస్తులను స్తంభింపజేసింది. రెండు రోజుల్లో బటావియా కూడా అదే పని చేసి చమురు ఆపేసింది. జపాను నౌకాదళానికి చమురు ఊపిరి లాంటిది. ఆ ఊపిరిని బిగబట్టే పనిలో డచ్చివారు లండన్, వాషింగ్టన్‌లతో కలిసి నడిచారు. అంతటి తెగింపుకు బదులుగా వారికి అందిన హామీ ఏమిటి? ఏమీ లేదు. అమెరికన్లు కూడా కూర్చున్న ఏప్రిల్ మంతనాల నివేదికను అదే జూలైలో అమెరికా సేనాధిపతులు తిరస్కరించారు. లండన్ మౌనంగా ఉంది. అంటే, పొరుగువాడు మన మాట మీద పులి మీసం పట్టుకున్నాక కూడా, పులి దూకితే నేను వస్తానో రానో అప్పుడు చూద్దాం అన్నారు. దీన్ని వివేకం అనగలమా? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పండి.

రేవుగట్టు:

డచ్చివారు స్వయంగా ఆలోచించుకునే ఆ పని చేశారు. చేయకపోతే అమెరికాతో మాట పోతుందని వారికి తెలుసు. హామీ లేకుండానే చేశారంటే, హామీ లేకపోవడం వారి చేతులు కట్టేయలేదనే కదా అర్థం? మీ ఉదాహరణ నా వాదాన్నే బలపరుస్తోంది.

చీకటి దీవి:

హామీల గురించే మాట్లాడుతున్నారు. జాగ్రత్తను పక్కన పెట్టిన చోట ఏం జరిగిందో కూడా చూడాలి. తిమోరు దీవి పడమటి సగం డచ్చివారిది, తూర్పు సగం పోర్చుగీసు వారిది. పోర్చుగల్ తటస్థ దేశం. జపాను దాడి జరిగితే సాయం కోరవచ్చునన్నంత వరకే అక్కడి ప్రధాని సలజార్ ప్రభుత్వంతో బ్రిటన్‌కు అవగాహన ఉంది. దాడి జరగలేదు. అయినా 1941 డిసెంబరు 17న దాదాపు 400 మంది డచ్చి, ఆస్ట్రేలియా సైనికులు పోర్చుగీసు సగంలోని దిలీ దగ్గర దిగారు. గవర్నర్ నిరసన తెలిపాడు, ఎదిరించే బలం లేక ఊరుకున్నాడు. లిస్బన్ మండిపడింది. అట్లాంటిక్‌లోని పోర్చుగీసు దీవులు అజోర్స్ మీద ఆశ పెట్టుకున్న లండన్, పోర్చుగల్ దూరమవుతుందని కంగారుపడి, పోర్చుగీసు సేన రాగానే మనవాళ్లు వెళ్లిపోవాలని చెప్పింది. ఆ సేన మొజాంబిక్ నుంచి ఓడెక్కింది గానీ చేరుకోలేదు. ఫిబ్రవరి 19 అర్ధరాత్రి జపాను దిగింది.

ఆ తర్వాత కొండల్లో ఆస్ట్రేలియన్లు ఏడాది పాటు పోరాడారని పుస్తకాలు గొప్పగా చెబుతాయి. వారికి తిండి పెట్టి, సామాను మోసి, దారి చూపిన తిమోరు పల్లెల గురించి అంత చెప్పవు. వారు వెళ్లిపోయాక ఆ పల్లెలు తగలబడ్డాయి. యుద్ధం ముగిసేనాటికి తూర్పు తిమోరులో చనిపోయినవారు 40,000 నుంచి 70,000 దాకా ఉంటారని అంచనా. ఆ తూర్పు సగం జనాభా ఐదు లక్షలు కూడా లేని రోజులవి.

రేవుగట్టు:

చీకటి దీవి గారికి కృతజ్ఞతలు. నేను చెప్పదలచుకున్నది ఇదే. మర్యాద దాటి ముందుకు ఉరికితే స్నేహం చెడింది, దీవి దక్కలేదు, జనం నశించారు.

పాతపటం:

ఒక్క తిమోరును పట్టుకుని మొత్తం తీర్పు చెప్పకండి. డచ్చివారి దీవి అంబోన్ చూడండి. ఫిబ్రవరి మంతనాల్లో ఆస్ట్రేలియా సేన అంబోన్‌కు, డచ్చి తిమోరులోని కూపాంగ్‌కు వెళ్లాలని అనుకున్నారు. కానీ యుద్ధం మొదలయ్యేదాకా వెళ్లకూడదు, ఎందుకంటే జపానును రెచ్చగొట్టకూడదు. కనుక ఆ దళాలు డార్విన్‌లో నెలల తరబడి కూర్చున్నాయి. అంబోన్ చేరింది డిసెంబరు 17న. ఫిరంగులు చాలవు, విమానాలు నిలవవు, ఈ దీవిని ఇంత కొద్దిమందితో కాపాడలేమని వారి సేనాని కర్నల్ రోచ్ పదే పదే రాస్తే, ఆయన్నే జనవరిలో తప్పించారు. ఫిబ్రవరి 3 నాటికి దీవి పడిపోయింది. లాహా విమానాశ్రయం దగ్గర లొంగిపోయిన సుమారు 300 మంది ఆస్ట్రేలియా, డచ్చి సైనికులను జపాను వారు చంపేశారు. ఏడాది ముందు వెళ్లి కందకాలు తవ్వుకుని, ఫిరంగులు దించుకుని ఉంటే ఈ గతి పట్టేదా?

కోనసీమ పాఠకుడు:

ఆటోమెడాన్ ఓడ సంగతి ఎవరూ ఎత్తలేదు.

పాతపటం:

మంచి మాట గుర్తు చేశారు. అది ఈ చర్చకు ప్రాణం. 1940 ఆగస్టులో బ్రిటిషు సేనాధిపతులు దూరప్రాచ్యం గురించి ఒక రహస్య నివేదిక తయారు చేశారు. నౌకాదళాన్ని పంపలేమని, హాంకాంగ్ నిలవదని, ఇండోచైనా కోసం యుద్ధానికి దిగలేమని అందులో ఉంది. దాని ప్రతిని బ్రూక్ పోఫమ్‌కు పంపడానికి ఆటోమెడాన్ అనే సరుకుల ఓడలో వేశారు. నవంబరు 11న జర్మన్ల దాడి నౌక అట్లాంటిస్ ఆ ఓడను హిందూ మహాసముద్రంలో పట్టుకుంది, సంచీ టోక్యో చేరింది. అంటే బ్రిటన్ ఎంత వరకు సిద్ధంగా ఉందో, ఎక్కడ సిద్ధంగా లేదో జపానుకు సంవత్సరం ముందే తెలుసు. అడగవలసిన పొరుగువాడికి చెప్పని సంగతి, దాచవలసిన శత్రువుకు తెలిసిపోయింది. రహస్యం బయటపడిన తర్వాత అస్పష్టతను పాటించడంలో ఏ లాభమూ లేదు.

రేవుగట్టు:

నౌకాదళం లేదని శత్రువుకు తెలిసిపోయిన తర్వాత, అదే నౌకాదళాన్ని నమ్ముకుని బహిరంగ హామీ ఇస్తే శత్రువు జడుస్తాడా? మీరు చెబుతున్నది మీకే ఎదురు తిరుగుతోంది.

నేను రేవు సంకేత కేంద్రంలో ఉద్యోగం చేసి రిటైరయినవాణ్ణి. తుపానుల కోసం మాకూ పొరుగు జెట్టీ యాజమాన్యానికీ ఒక ఉమ్మడి ప్రణాళిక ఉండేది. అవసరమైతే మా టగ్గు పంపుతామని వారు సంతకం పెట్టారు. ఒక తుపాను రాత్రి లంగరు తెగిన బార్జి కొట్టుకుపోతుంటే నేను వారికి కబురు పంపి ఎదురు చూశాను. వారికి ఉన్నది ఒక్క టగ్గు, అదీ ఇంజను విప్పి మరమ్మతులో ఉంది. ఆ సంగతి వారు మాకు చెప్పలేదు, సంతకం మాత్రం ఉంది. ఆ సంతకాన్ని నమ్మి నేను వేరే చోట సాయం అడగడానికి గంటన్నర ఆలస్యం చేశాను. మర్నాడు ఛార్జి మెమో వచ్చింది వారికి కాదు, నాకు. ఇంక్రిమెంటు పోయింది. కనుక వట్టి హామీ ఖరీదు ఎంతో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. డచ్చివారికి 1940లో అలాంటి హామీ ఇచ్చి ఉంటే, దాన్ని నమ్మి వారు కోబయాషీ ముఖం మీదే తలుపు వేసేవారు, జపాను ఏడాది ముందే వచ్చేది.

పాతపటం:

మీకు జరిగిన అన్యాయానికి బాధపడుతున్నాను. కానీ ఆ రాత్రి తప్పు హామీలో లేదు, హామీ ఇచ్చిన తర్వాత టగ్గు ఉందో లేదో తనిఖీ చేయకపోవడంలో ఉంది. డచ్చివారి దగ్గర సాధనాలు ఉన్నాయి. యుద్ధం మొదలవగానే మూడు బాంబర్ స్క్వాడ్రన్లను, ఒక ఫైటర్ స్క్వాడ్రన్‌ను మలయాకు పంపించారు. వారి జలాంతర్గాములు మొదటి వారంలోనే పటానీ, కోటాబారు తీరాల్లో జపాను ఓడలను దెబ్బతీశాయి. ఓ-16 అనే జలాంతర్గామి ఆ పని చేసి సింగపూరుకు తిరిగి వస్తూ మందుపాతర తగిలి మునిగితే, దానిలోంచి ఒకే ఒక్కడు బతికి బయటపడ్డాడు. మాట ప్రకారం వచ్చి ప్రాణాలిచ్చిన వాళ్లు వీళ్లు. జపాను తమ మీద యుద్ధం ప్రకటించక ముందే డిసెంబరు 8న జపాను మీద యుద్ధం ప్రకటించినవారు డచ్చివారు. అలాంటివారిని ఏడాదిన్నర పాటు గుమ్మం బయట నిలబెట్టడం నాకు మింగుడుపడటం లేదు.

రేవుగట్టు:

మింగుడుపడకపోవడం వాదన కాదు. నేను అడిగినదానికి ఇప్పటికి మూడుసార్లు తప్పించుకున్నారు. ఏ ఓడలు? 1940 నవంబరులో, ఏ ఓడలు? ఒక్క యుద్ధనౌక పేరు చెప్పండి.

బగాన్ తెలుగు:

నేను మలేసియా నుంచి రాస్తున్నాను. మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి కూలికి వచ్చి దిగువ పేరాక్‌లో, బగాన్ దాతో కొబ్బరి తోటలో పని చేశారు. ఈ చర్చను మొదటి నుంచి చదువుతున్నాను. ఓడలు, విమానాలు, సంతకాలు అన్నీ వచ్చాయి. ఆ రెండు వలసల్లో బతికిన మనుషులు తిమోరు గురించి రాసినప్పుడు ఒక్కసారి కనిపించి మాయమయ్యారు.

సింగపూరులో ఏప్రిల్ మంతనాలు జరుగుతున్న రోజుల్లోనే సెలంగోర్‌లో, క్లాంగ్ చుట్టుపక్కల రబ్బరు తోటల్లో భారతీయ కూలీలు సమ్మె చేస్తున్నారు. వారి కోరికలు చదవండి. చైనా కూలీలతో సమానంగా కూలి, తోటల్లో కల్లు దుకాణాల మూసివేత, దొర ఎదురైతే సైకిలు దిగి నిలబడనక్కరలేని హక్కు. నాయకుడు నాథన్‌ను ఇండియాకు పంపించేశారు. మే నెలలో భారతీయ సైనికులను పంపి, భారతీయ కూలీల మీద తుపాకులు పేల్పించారు. కొందరు చనిపోయారు. ఏడు నెలల తర్వాత ఆ కూలీలే సామ్రాజ్యాన్ని కాపాడాలని అందరూ ఆశించారు.

మా ముత్తాతను 1943లో జపాను వారు సయాము, బర్మా రైలు దారికి తీసుకుపోయారు. తిరిగి రాలేదు. దశాబ్దాల తర్వాత మా తాతగారు పరిహారం కోసం ఒక కార్యాలయానికి వెళితే, మరణ ధ్రువపత్రం తెమ్మన్నారు. ఆ అడవిలో కూలివాడికి ధ్రువపత్రం ఎవరు రాసి ఉంటారు? తోట రిజిస్టరులో ఆయన పేరు ఎదుట వేలిముద్ర ఉంది, అదొక్కటే మాకు మిగిలింది. హామీ డచ్చివారికి ఎప్పుడు ఇవ్వాలని మీరు పోట్లాడుకుంటున్నారు. ఆ వేలిముద్ర వేసినవాడికి ఎవరు హామీ ఇచ్చారు?

రేవుగట్టు:

అమ్మా, మీ కుటుంబానికి జరిగినది చదివి మనసు కలత చెందింది. అయితే ఈ చర్చాంశం రెండు ప్రభుత్వాల మధ్య రక్షణ హామీ. కూలి సమస్య పెద్దదే, దానికి వేరే చర్చ తెరవవచ్చు.

పాతపటం:

ఈ ఒక్క విషయంలో నేను రేవుగట్టు గారితో ఏకీభవిస్తాను. విషయం చెదిరిపోతే ఏదీ తేలదు.

బగాన్ తెలుగు:

విషయం చెదరలేదు. మీ ఇద్దరూ తేల్చలేకపోతున్న ప్రశ్నకు జవాబు అక్కడే ఉందని చెబుతున్నాను, వినే ఓపిక ఉంటే వినండి.

రేవుగట్టు గారు ఏ ఓడలు అని అడుగుతున్నారు. నేను ఏ మనుషులు అని అడుగుతాను. జావాలో కోట్ల మంది జనం ఉన్నారు. అంత జనం ఉన్న చోట సైన్యం ఎందుకంత చిన్నది? ఆ సైన్యం ఉన్నది బయటి శత్రువు కోసం కాదు, లోపలి జనాన్ని అణచడం కోసం కనుక. అధికారులు డచ్చివారు, సిపాయిలు ఎక్కువగా జావా, అంబోన్, మెనాడో ప్రాంతాల వారు. క్రమంగా స్వపరిపాలన దిశగా నడుద్దామని 1936లో సుతార్జో ప్రతిపాదించిన వినతిని వారి ప్రజా సభే ఆమోదించి పంపితే, 1938లో డచ్చి ప్రభుత్వం తోసిపుచ్చింది. పార్లమెంటు ఇవ్వండి, మేమూ మీతో కలిసి దేశాన్ని కాపాడుకుంటామని జాతీయవాదులు అంటే, యుద్ధం ముగిశాక చూద్దామన్నారు. వారిలో పేరున్న థామ్రిన్‌ను 1941 జనవరిలో గృహనిర్బంధంలో ఉంచారు, కొద్ది రోజుల్లోనే ఆయన చనిపోయారు.

ఇక మలయా. ప్రపంచ రబ్బరులో మూడో వంతుకు పైగా అక్కడిదే. డాలర్లు తెచ్చే రబ్బరు, తగరం ఆగకూడదని లండన్ ఆజ్ఞ. కనుక రక్షణ నిర్మాణాలకు కూలీలు దొరకలేదు. సైన్యం ఎంత కూలి ఇవ్వవచ్చో తేల్చడానికే ఉత్తరాలు లండన్‌కు వెళ్లి వచ్చేవి. ఎక్కువ ఇస్తే తోటల్లో కూలి పెరుగుతుందని యజమానుల భయం. పాతపటం గారు అడిగిన కందకాలు ఎవరు తవ్వాలి? దౌత్య సంకోచం వల్ల ఆగినవి కొన్నే. వలస అనేది ఎందుకు ఉందో ఆ కారణం వల్లనే ఆగినవి ఎక్కువ.

రేవుగట్టు:

ఇప్పుడు నేనూ దాచకుండా చెబుతాను. ఆ సామ్రాజ్యాలు మంచివని నేను ఎక్కడా అనలేదు. కానీ వాటి బదులు వచ్చినది ఏమిటి? మీ ముత్తాతగారిని తీసుకుపోయినవాడు దొర కాదు. జావా నుంచి లక్షల మందిని వెట్టికి తోలినవాడు డచ్చివాడు కాదు. యుద్ధం ఒక్క నెల వెనక్కి జరిగినా అన్ని ఊళ్లకు ఒక్క నెల ఊపిరి దక్కినట్టే. నేను జాగ్రత్తను సమర్థించేది చర్చిల్ మీద ప్రేమతో కాదు. తొందరపడి ఇచ్చిన మాటకు ముందుగా చచ్చేది రేవులో పని చేసేవాడు, తోటలో పని చేసేవాడు. ఇంతసేపూ నన్ను పిరికితనానికి వకాల్తా పుచ్చుకున్నవాడిగా చూస్తుంటే ఎంతకని ఊరుకోను?

పాతపటం:

మిమ్మల్ని పిరికివారని నేను అనలేదు. నేను ఇంత పట్టుబట్టడానికి కారణమూ చెబుతాను. సింగపూరు ఫిబ్రవరి 15న, జావా మార్చి 9 నాటికి, అండమాన్ మార్చి 23న పడిపోయాయి. ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. మా తాతగారు జగన్నాథపురంలో ఇల్లు అయినకాడికి అమ్మేసి పిల్లల్ని తీసుకుని బండి కట్టుకుని మెట్టకు వెళ్లిపోయారు, మళ్లీ ఆ ఇల్లు కొనలేకపోయారు. మలక్కా దగ్గర గట్టు తెగితే నీళ్లు కాకినాడ దాకా వచ్చాయి. అందుకే ఆ గట్టు ఎవరి మాట లేక బలహీనపడిందన్నది నాకు పుస్తకాల ప్రశ్న కాదు.

బగాన్ తెలుగు:

మీ తాతగారి ఇల్లు, రేవుగట్టు గారి ఇంక్రిమెంటు చర్చాంశంలో ఇమిడినప్పుడు మా ముత్తాత వేలిముద్ర ఇమడకపోవడం ఎందుకో ఆలోచించమని మనవి.

నిర్వాహకుడు:

సభ్యులు వ్యక్తిగత వ్యాఖ్యలు మాని విషయం మీద ఉండాలని మనవి. బగాన్ తెలుగు గారు రాసినది చర్చాంశంలో భాగమేనని నా నిర్ణయం. చర్చ కొనసాగవచ్చు.

బగాన్ తెలుగు:

ఇంకొక్క సంగతి రాసి ఆపుతాను. 1940లో డచ్చివారి కోసం ఒక్క బెటాలియన్‌ను పంపడానికి వెనకాడిన లండన్, 1945లో ఏం చేసిందో చూడండి. జపాను లొంగిపోయింది, సుకర్నో ఆగస్టు 17న స్వాతంత్ర్యం ప్రకటించాడు. డచ్చివారు తిరిగి వచ్చేదాకా జావాను పట్టి ఉంచడానికి వెళ్లిన సేన బ్రిటిషు జెండా కింద ఉన్న భారతీయ సేన. అక్టోబరు 30న సురబాయాలో బ్రిగేడియర్ మాలబీ హతుడయ్యాడు. నవంబరు 10న ఐదవ భారతీయ డివిజన్‌తో, ఓడల ఫిరంగులతో, విమానాలతో ఆ ఊరి మీద పడ్డారు. భారతీయ సైనికులను ఇందుకు వాడుతున్నందుకు నెహ్రూ బహిరంగంగా నిరసన తెలిపారు. పాతపటం గారు కోరిన రక్షణ సహకారం పూర్తి స్థాయిలో అమలైనది ఇండోనేసియా ప్రజల మీదనే. అప్పుడు ఓడలు ఎక్కడి నుంచి వచ్చాయి?

రేవుగట్టు:

1945లో ఓడలు ఉన్నాయి కనుక వచ్చాయి. 1940లో లేవు కనుక రాలేదు. అయితే సురబాయా గురించి మీరు రాసినదాన్ని నేను కాదనడం లేదు. ఆగ్నేయాసియా సేనాధిపతి మౌంట్‌బాటన్‌కు అప్పగించిన పని జపాను సేనల ఆయుధాలు తీసుకోవడం, ఖైదీలను విడిపించడం. ఆ పని ఎక్కడ ఆగాలో అక్కడ ఆగలేదు. తర్వాతైనా బ్రిటన్ తన సేనను 1946 నవంబరు చివరికల్లా వెనక్కి తీసుకుంది, అంతకు ముందు జావాలోని లింగజాతిలో డచ్చివారిని ఇండోనేసియా నాయకులతో ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టింది. మరుసటి జూలైలో డచ్చివారు ఆ ఒప్పందాన్ని తోసేసి దాడికి దిగినప్పుడు బ్రిటన్ వారి వెంట వెళ్లలేదు. జాగ్రత్త అంటే నాకు అర్థమయ్యేది ఇదే.

పాతపటం:

అప్పుడు వెళ్లకపోవడాన్ని నేను కూడా సమర్థిస్తాను. కానీ 1941 జూలై ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. చమురు ఆపిన రోజున, ఓడలు లేకపోయినా, మీతో ఉన్నామని చెప్పి తీరాలి. ఆ మాటకు కట్టుబడే ధైర్యం లేకపోతే, చమురు ఆపమని వారిని అడగకూడదు.

చీకటి దీవి:

జూలైలో ఆ చమురు బావుల దగ్గర పని చేసేవారు జావా కూలీలు. ఆ బావులను తగలబెట్టే పథకం డచ్చివారు ముందే సిద్ధం చేసుకున్నారు. తరకాన్, బాలిక్‌పాపన్‌లలో అమలు చేశారు కూడా. బావులు తగలబెట్టినందుకు జపాను వారు పగ తీర్చుకున్నప్పుడు బాలిక్‌పాపన్‌లో చనిపోయిన డచ్చివారి సంగతి నమోదైంది. అక్కడి కూలీల సంగతి ఎవరికైనా తెలిస్తే ఇక్కడ రాయండి, నేను వెతుకుతున్నాను.